వేరుశనగ పరిశోధనలో ఏ దేశం ఎవరితో కలిసింది? లెక్క తేల్చే పద్ధతి

కర్నూలులో బుడ్డలు, కడప చిత్తూరు వైపు శనక్కాయలు, హైదరాబాదులో పల్లీలు, పాఠ్యపుస్తకంలో వేరుశనగ. ఒక్క పంటకు మన ఒక్క భాషలోనే ఇన్ని పేర్లు. ఈ పంట మీద ఏ దేశపు శాస్త్రవేత్తలు ఏ దేశం వారితో కలిసి పనిచేస్తున్నారో లెక్క తేల్చమని మిమ్మల్ని ఎవరైనా అడిగితే మొదట ఎదురయ్యే చిక్కు కూడా పేర్లదే. ఆ తరువాత ఊర్ల పేర్లు, సంస్థల పేర్లు, మనుషుల పేర్లు వరుసగా వచ్చి పడతాయి. కూడికలు, భాగహారాలు చివరి రెండు రోజుల పని మాత్రమే.

ఇక్కడ చెప్పేది వేరుశనగ గురించే అయినా, పద్ధతి ఏ రంగానికైనా సరిపోతుంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం కోసమో, సంస్థ వార్షిక నివేదిక కోసమో ఈ పని చేసేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్, ఇంటర్నెట్, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. నోటు పుస్తకాన్ని తేలిగ్గా తీసుకోకండి. దేన్ని చేర్చారు, దేన్ని తీసేశారు, ఎందుకు అన్నది ఏ రోజుకారోజు అందులో రాసుకోవాలి. చివర వచ్చే శాతం ఎక్కువ భాగం ఆ నిర్ణయాల నుంచే పుడుతుంది.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"వేరుశనగలో అంతర్జాతీయ సహకారం ఎంత?" అనేది ప్రశ్నలా కనిపిస్తుంది కానీ దానితో లెక్క మొదలుపెట్టలేం. ఇందులో కనీసం మూడు ప్రశ్నలు దాగి ఉన్నాయి. రంగం మొత్తంలో ఒకటికి మించిన దేశాలు కలిసి రాసిన పరిశోధనా పత్రాల వాటా ఎంత? భారతదేశం రాసిన పత్రాల్లో విదేశాలతో కలిసి రాసినవి ఎన్ని? భారత్‌కు ఎవరితో బంధం గట్టిది? మూడింటికీ మూడు వేర్వేరు లెక్కలు. మొదటిదానికీ రెండోదానికీ వచ్చే అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఎంత తప్పో తరువాత చూద్దాం.

ఇంకో మాట. మనం కొలవబోయేది సహకారాన్ని కాదు, సహరచనను. ఒకే పత్రం మీద రెండు దేశాల చిరునామాలు ఉంటే అది ఉమ్మడి పని అని ఒప్పుకుని ముందుకు వెళతాం. ఈ ఒప్పందంలో లోపం ఉంది. దాన్ని ఇప్పటికి అలా ఉండనివ్వండి.

రెండో అడుగు: రంగానికి గట్టు వేయండి

పొలానికి గట్టు ఎక్కడ వేస్తే విస్తీర్ణం అంత. ఇక్కడా అంతే. పత్రాల వివరాలుండే డేటాబేసులో ఏ పదాలతో వెతుకుతారో అదే మీ గట్టు.

ఇంగ్లీషులో ఈ పంటకు రెండు పేర్లు చలామణిలో ఉన్నాయి. భారతదేశం, నైజీరియా, ఘనా, మలావీ వంటి దేశాల వారు ఎక్కువగా 'గ్రౌండ్‌నట్' అని రాస్తారు. అమెరికా, చైనా, ఆస్ట్రేలియా, అర్జెంటీనా వారు 'పీనట్' అంటారు. మీరు అలవాటు కొద్దీ 'గ్రౌండ్‌నట్' ఒక్కటే టైపు చేశారనుకోండి. భారత్, ఆఫ్రికా దేశాలు ఈ రంగాన్ని ఏలుతున్నట్టు కనిపిస్తాయి. 'పీనట్' ఒక్కటే టైపు చేస్తే మనం ఎక్కడో మూలన ఉంటాం. రెండు పేర్లూ, వాటితో పాటు శాస్త్రీయ నామం అరాకిస్ హైపోజియా, ఇంకా వేరుశనగ అడవి జాతులన్నీ దొరికేలా అరాకిస్ అనే ప్రజాతి పేరు, ఈ నాలుగింటినీ 'లేదా' అనే సంబంధంతో కలిపి వెతకండి. సెనెగల్, మాలి, నైజర్ వారు ఫ్రెంచిలో రాస్తే 'అరాషీడ్' అంటారు. బ్రెజిల్ పోర్చుగీసులో 'అమెండుయిం'. సారాంశం ఇంగ్లీషులో ఉంటే ఎలాగూ దొరుకుతాయి, అయినా ఈ పదాలతో విడిగా ఒకసారి వెతికి ఎన్ని కొత్తవి వచ్చాయో రాసుకోండి.

ఇక కలుపు తీయాలి. ఈ రంగంలో కలుపు రకరకాలుగా ఉంటుంది, కొన్ని నవ్వు తెప్పిస్తాయి కూడా. 'పీనట్' అని వెతికితే గెలాక్సీల పత్రాలు వస్తాయి. కొన్ని గెలాక్సీల నడుమ ఉబ్బు పక్క నుంచి చూస్తే వేరుశనగ కాయ ఆకారంలో ఉంటుందట, ఖగోళ శాస్త్రజ్ఞులు ఆ పేరే పెట్టారు. వేరుశనగ నుంచి తీసే పీనట్ అగ్లుటినిన్ అనే ప్రొటీనును కణజాలానికి రంగు పట్టించడానికి వాడే పత్రాలు కుప్పలుగా ఉంటాయి. వాటిలో పంట ఊసే ఉండదు. ఎలుకలకు మందును వేరుశనగ నూనెలో కలిపి ఇచ్చిన పత్రాలు, వేరుశనగ పొట్టుతో నీటిలోని రంగులను వడకట్టిన పత్రాలు మరికొన్ని. 'బంబారా గ్రౌండ్‌నట్' అసలు వేరుశనగే కాదు. అది అలసంద ప్రజాతికి చెందిన ఆఫ్రికా పంట.

వీటన్నిటికంటే పెద్ద నిర్ణయం అలర్జీ పత్రాల విషయంలో. వేరుశనగ అలర్జీ మీద పాశ్చాత్య దేశాల వైద్యులు విస్తారంగా రాస్తారు. వాటిని ఉంచితే బ్రిటన్ ఒక్కసారిగా పెద్ద దేశమైపోతుంది. తీసేస్తే చిన్నదవుతుంది. తప్పొప్పులు లేవు, మీ ప్రశ్న ఏమిటన్నదే ముఖ్యం. పంట పరిశోధన గురించి అడిగారు కాబట్టి నేనైతే తీసేస్తాను. ఆ సంగతి నివేదిక మొదటి పేజీలోనే చెబుతాను. అఫ్లటాక్సిన్ పత్రాలను మాత్రం ఉంచుతాను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలోని బూజు విషమని తేలింది. నేటికీ మన ఎగుమతులను వెనక్కి పంపే కారణాల్లో అదొకటి. పొలం నుంచి గిడ్డంగి దాకా అది ఈ పంట సమస్యే.

గట్టు సరిగా పడిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చేయండి. దొరికిన పత్రాల్లోంచి గుడ్డిగా 100 తీసి, శీర్షిక, సారాంశం చదివి, పంటకు సంబంధం లేనివెన్నో లెక్కపెట్టండి. పదికి మించితే శోధన పదాలను మళ్లీ సవరించుకోవాలి. రెండో పరీక్ష దీనికి వ్యతిరేక దిశలో. ఈ రంగంలో మంచి సమీక్షా వ్యాసం ఒకటి తీసుకుని, అది పేర్కొన్న వేరుశనగ పత్రాల్లో ఎన్ని మీ జాబితాలో ఉన్నాయో చూడండి. చాలామంది మొదటి పరీక్షతో ఆపేస్తారు. రెండోదే అసలు కన్నాలను బయటపెడుతుంది.

మూడో అడుగు: సమాచారం ఎక్కడి నుంచి

వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ అనే పరిశోధనా పత్రాల డేటాబేసులు చందా కట్టిన సంస్థల్లోనే దొరుకుతాయి. మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అడగండి. లేకపోతే దిగులు పడనక్కరలేదు. 2022 జనవరిలో మొదలైన ఓపెన్‌అలెక్స్ అనే డేటాబేసును చందా లేకుండా వాడుకోవచ్చు. అలెగ్జాండ్రియా గ్రంథాలయం పేరు మీదుగా పెట్టిన పేరు అది. ప్రతి పత్రానికీ రచయితలు, వారి సంస్థలు, దేశాలు అందులో విడివిడిగా నమోదై ఉంటాయి. పత్రంలో ఎన్ని వేర్వేరు దేశాలు ఉన్నాయో చెప్పే అంకె కూడా సిద్ధంగా ఉంటుంది. ఆ అంకెను నేరుగా నమ్మకండి. రచయిత చిరునామా దొరకనిచోట దేశం ఖాళీగా మిగులుతుంది, అప్పుడు రెండు దేశాల పత్రం ఒక్క దేశానిదిగా కనిపిస్తుంది. ఖాళీలున్న పత్రాలు ఎన్నో లెక్కించి, కనీసం కొన్నింటినైనా అసలు పత్రం తెరిచి పూరించండి.

ఏ డేటాబేసు తీసుకున్నా రెండు డేటాబేసులను కలపకండి. కలిపితే నకళ్లు ఏరడానికే నెల పడుతుంది. ఒక్కదానితో పని పూర్తిచేసి, రెండోదాన్ని సరిచూసుకోవడానికి వాడండి.

చైనా సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రపంచంలో వేరుశనగ ఎక్కువగా పండించేది చైనాయే, రెండో స్థానం మనది. అక్కడి శాస్త్రవేత్తలు చైనా భాషలో రాసే జర్నళ్లు ఈ డేటాబేసుల్లో అరకొరగానే ఉంటాయి. సొంత భాషలో రాసే పత్రాలు సహజంగానే స్వదేశీ రచయితలవి. అవి జాబితాలోకి రాకపోతే చైనా అంతర్జాతీయ వాటా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

పరిశోధనా వ్యాసాలు, సమీక్షలు ఉంచి, సదస్సు సారాంశాలు, సంపాదకీయాలు, సవరణ ప్రకటనలు తీసేయండి. కాలాన్ని ఏడాది ఏడాదిగా కాక మూడేళ్ల ముక్కలుగా విడగొట్టండి. చిన్న రంగంలో ఒక్క పెద్ద ప్రాజెక్టు ముగిసిన ఏడాది గ్రాఫు కొండలా లేచి, మరుసటి ఏడాది కూలుతుంది.

నాలుగో అడుగు: రెండు పట్టికలు

మొదటి పట్టికలో వరుసకు ఒక పత్రం: సంఖ్య, సంవత్సరం, శీర్షిక, జర్నలు. రెండో పట్టికలో వరుసకు ఒక పత్రం–దేశం జత. మూడు దేశాల పత్రానికి మూడు వరుసలు వస్తాయి. డేటాబేసు ఇచ్చే ఫైలులో దేశాలన్నీ ఒకే గడిలో గీతలతోనో సెమికోలన్లతోనో అతికి ఉంటాయి. స్ప్రెడ్‌షీటులో గడిని విడదీసే సదుపాయంతో వాటిని విడగొట్టి, ఒకే పత్రానికి ఒకే దేశం రెండుసార్లు రాకుండా నకళ్లు తీసేయండి. ఈ పని మరిచిపోతే అయిదుగురు భారతీయులు రాసిన పత్రం అయిదు పత్రాలవుతుంది. ఈ రెండో పట్టిక శుభ్రంగా కుదిరితే తరువాతి లెక్కలన్నీ స్ప్రెడ్‌షీటులో వరుసలను గుంపులుగా కూడిపెట్టే పివట్ టేబుల్‌తో అయిపోతాయి.

అయిదో అడుగు: చిరునామాలతో కుస్తీ

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు వేరుశనగ పరిశోధనలో గ్రీసు, జార్జియా దేశాలు పోటాపోటీగా ముందున్నాయి. ఒక పూటంతా సంబరపడ్డాను, ఎవరూ చెప్పని సంగతి కనిపెట్టానని. తీరా చూస్తే అవన్నీ ఒకే విశ్వవిద్యాలయం పత్రాలు. జార్జియా విశ్వవిద్యాలయం అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ అనే ఊళ్లో ఉంది. ఈ పంట మీద ప్రపంచంలో పేరున్న కేంద్రాల్లో అదొకటి. చిరునామా చివర దేశం పేరు రాయని పత్రాలన్నిటినీ నా సూత్రం ఊరి పేరుతో ఒక దేశానికి, రాష్ట్రం పేరుతో మరో దేశానికి పంచిపెట్టింది.

ఇలాంటి ఉచ్చులు ఇంకా ఉన్నాయి. 'నైజర్' అనే అక్షరాలను వెతికితే నైజీరియా కూడా దొరుకుతుంది, ఇంగ్లీషు స్పెల్లింగు అలాంటిది. ఈ రంగంలో అదనంగా ఆస్పర్జిలస్ నైజర్ అనే బూజు కూడా దొరుకుతుంది! 'ఇండియా' అని వెతికితే ఇండియానా రాష్ట్రం వస్తుంది. హైదరాబాదు మనకే కాదు, పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఉంది, దాని దగ్గరే టండో జామ్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. వెబ్ ఆఫ్ సైన్స్ ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండులను విడివిడి దేశాలుగా ఇస్తుంది. వాటిని కలపకపోతే లండన్, ఎడిన్‌బరో వారు కలిసి రాసినది అంతర్జాతీయ పత్రమైపోతుంది.

సంస్థల స్థాయిలో లెక్క వేసేవారికి మన రాష్ట్రాల చరిత్ర కూడా అడ్డం వస్తుంది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తరువాత ఆచార్య ఎన్.జి. రంగా పేరు తెచ్చుకుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ ప్రాంగణం జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయమైంది, రంగా విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంకు చేరింది. తిరుపతి, కదిరి వేరుశనగ పరిశోధనా కేంద్రాలు దాని కిందనే ఉన్నాయి. 2010లో రాజేంద్రనగర్ చిరునామాతో వచ్చిన పత్రాన్ని ఇప్పుడు ఎవరి ఖాతాలో వేయాలి? నేను పత్రం అచ్చయిన నాటి పేరునే ఉంచుతాను. దేశాల లెక్కకు ఇది అవసరం లేదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

పేర్ల మీద ఆధారపడి దేశాన్ని ఊహించడం మాత్రం ఎన్నడూ చేయకండి. రచయిత పేరు చివర రెడ్డి అనో రావు అనో ఉండి, చిరునామా అమెరికాలోని టిఫ్టన్‌ది అయితే ఆ పత్రం అమెరికాదే. పైగా తెలుగువారి పేర్లు డేటాబేసులకు పెద్ద తలనొప్పి. ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఒక్క పొడి అక్షరంగా. కంప్యూటరు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటుంది. ఒక్క మనిషి ముగ్గురవుతాడు, ముగ్గురు ఒక్కరవుతారు. వ్యక్తుల స్థాయిలో లెక్క వేయాలంటే 2012లో మొదలైన ఆర్కిడ్ సంఖ్యలు (ఒక్కో పరిశోధకుడికి ఒక్కో ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉన్నవారితోనే వేయండి. దేశాల స్థాయిలో ఈ గొడవ తగలదు, అది మన అదృష్టం.

ఆరో అడుగు: పటాన్‌చెరు ఏ దేశం?

ప్రశ్న వింతగా ఉన్నా, వేరుశనగ లెక్కలో ఇంతకంటే పెద్ద ప్రశ్న లేదు. ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో వెలిసింది. అది భారత ప్రభుత్వ సంస్థ కాదు, అంతర్జాతీయ సంస్థ. మెట్ట ప్రాంతపు పంటల్లో వేరుశనగ దాని బాధ్యతల్లో ఒకటి. మాలి, మలావీ, కెన్యా, నైజీరియా వంటి చోట్ల కూడా దాని కేంద్రాలు నడిచాయి. చిరునామా మాత్రం పటాన్‌చెరు, ఇండియా.

ఏం జరుగుతుందో చూడండి. పటాన్‌చెరు శాస్త్రవేత్త, మలావీలోని ఇక్రిశాట్ శాస్త్రవేత్త కలిసి రాస్తే అది భారత్–మలావీ సహకారంగా నమోదవుతుంది. నిజానికి ఇద్దరికీ జీతం ఇచ్చే సంస్థ ఒక్కటే. అదే పటాన్‌చెరులో పనిచేసే విదేశీయుడు జునాగఢ్‌లోని భారతీయ వేరుశనగ పరిశోధనా సంస్థ వారితో కలిసి రాస్తే రెండు చిరునామాలూ ఇండియావే కాబట్టి అది స్వదేశీ పత్రం. అంతర్జాతీయ సంస్థకూ జాతీయ సంస్థకూ మధ్య జరిగిన అసలైన సహకారం లెక్కలోంచి జారిపోతుంది, ఒకే సంస్థ లోపలి పని సహకారంగా నిలబడుతుంది.

దీనికి నేను చేసే పద్ధతి ఇది. దేశం గడిలో 'ఇండియా' ఉంచుతూనే, పక్కన ఇంకో గడి పెట్టి ఇక్రిశాట్ చిరునామాలన్నిటికీ 'అంతర్జాతీయ సంస్థ' అని గుర్తు వేస్తాను. తరువాత లెక్కను రెండుసార్లు వేస్తాను: ఒకసారి చిరునామా ప్రకారం, రెండోసారి ఇక్రిశాట్‌ను దేశం కాని ప్రత్యేక పక్షంగా చూసి. రెండు అంకెలనూ ప్రచురించండి. వాటి మధ్య తేడానే మీ నివేదికలో అందరూ చదివే పేరా అవుతుంది. ఒకే అంకె అడిగే పైఅధికారి ఉంటే, ఏ లెక్కో చెప్పే వాక్యం లేకుండా ఆ అంకె ఇవ్వకండి.

దీనికి తమ్ముడి లాంటి చిక్కు ఇంకొకటి ఉంది. ఒకే రచయిత రెండు దేశాల చిరునామాలు ఇస్తాడు: ఇక్కడ ఉద్యోగం, ఆస్ట్రేలియాలో గౌరవ ఆచార్య పదవి. ఒక్కడే రాసిన పత్రం కూడా అంతర్జాతీయమైపోతుంది. ఒక్క మనిషి తనతో తాను సహకరించుకోవడం నాకు మింగుడుపడదు. రెండో దేశం అలాంటి రచయిత వల్ల మాత్రమే వచ్చిన పత్రాలను వేరే గుర్తుతో పక్కన పెట్టండి. వెబ్ ఆఫ్ సైన్స్ వాడేవారికి ఒక హెచ్చరిక. 2008కి ముందు పత్రాల్లో ఏ రచయితది ఏ చిరునామా అన్నది అందులో ముడిపడి ఉండదు, కాబట్టి ఈ వడపోత అప్పటి పత్రాలకు కుదరదు.

ఏడో అడుగు: పూర్తి లెక్కా, వాటా లెక్కా?

అయిదుగురు రాసిన పత్రం ఒకటి ఉంది. ముగ్గురు భారత్, ఒకరు సెనెగల్, ఒకరు అమెరికా. పూర్తి లెక్కలో మూడు దేశాలకూ తలా 1 వస్తుంది. రచయితల వాటా లెక్కలో భారత్‌కు 0.6, మిగతా రెండింటికీ 0.2 చొప్పున. దేశాల వాటా లెక్కలో అందరికీ 0.33. "ఈ దేశం ఎన్ని పత్రాల్లో పాలుపంచుకుంది" అన్నదానికి పూర్తి లెక్క, "ఈ దేశం చేసిన పని ఎంత" అన్నదానికి వాటా లెక్క వాడండి. పెద్ద బృందాలున్న రంగాల్లో పూర్తి లెక్క ఎంత దూరం పోతుందో తెలియాలంటే భౌతికశాస్త్రం వైపు చూడండి. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన ఒక పత్రానికి 5,000 మందికి పైగా రచయితలు! వేరుశనగలో అంత తీవ్రత లేదు కానీ జన్యుక్రమ పత్రాల బృందాలు పెద్దవే. 2016లో వేరుశనగ పూర్వీకులైన రెండు అడవి జాతుల జన్యుక్రమం, 2019లో సాగు వేరుశనగ జన్యుక్రమం నేచర్ జెనెటిక్స్‌లో వెలువడ్డాయి, పొడవాటి రచయితల జాబితాలతో.

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన సంగతి. ఒక చిన్న లోకాన్ని ఊహించండి. అందులో రెండే దేశాలు, పది పత్రాలు. నాలుగు మొదటి దేశానివి, నాలుగు రెండో దేశానివి, రెండు ఉమ్మడివి. లోకం మొత్తం మీద అంతర్జాతీయ వాటా పదింటికి రెండు, అంటే 20 శాతం. మొదటి దేశం వైపు నుంచి చూస్తే ఆరింటికి రెండు, 33 శాతం. రెండో దేశానికీ అంతే. ఇద్దరూ ప్రపంచ సగటు కంటే ముందున్నారు! ఉమ్మడి పత్రం ప్రతి భాగస్వామి ఖాతాలోనూ పడుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. "ప్రపంచ సగటు కంటే మన దేశం మెరుగు" అనే వాక్యం నివేదికల్లో కనిపించినప్పుడల్లా ఈ పది పత్రాలను గుర్తు చేసుకోండి. దేశాన్ని దేశంతోనే పోల్చాలి.

ఎనిమిదో అడుగు: బంధం గట్టిదనాన్ని కొలవడం

ఉమ్మడి పత్రాల సంఖ్య ఒక్కటే చూస్తే పెద్ద దేశాలే ఎప్పుడూ గెలుస్తాయి. అందుకే పరిమాణాన్ని సరిచేసే సూచికలు వచ్చాయి. కింద ఇస్తున్న అంకెలు పూర్తిగా ఊహించినవి, లెక్క అర్థం కావడానికి మాత్రమే.

రంగం మొత్తం 2,500 పత్రాలు. భారత్ 400, అమెరికా 625, సెనెగల్ 36. భారత్–అమెరికా ఉమ్మడివి 50, భారత్–సెనెగల్ ఉమ్మడివి 12.

సాల్టన్ సూచికకు ఉమ్మడి పత్రాలను, రెండు దేశాల పత్రాల లబ్ధానికి వర్గమూలంతో భాగించాలి. అమెరికాతో: 400 × 625 = 2,50,000, వర్గమూలం 500, 50 ÷ 500 = 0.10. సెనెగల్‌తో: 400 × 36 = 14,400, వర్గమూలం 120, 12 ÷ 120 = 0.10. రెండు బంధాలూ సమానం.

జకార్డ్ సూచికలో ఉమ్మడి పత్రాలను, ఇద్దరిలో ఎవరో ఒకరైనా ఉన్న మొత్తం పత్రాలతో భాగిస్తాం. అమెరికాతో 50 ÷ 975, అంటే 0.051. సెనెగల్‌తో 12 ÷ 424, అంటే 0.028. ఈసారి అమెరికా ముందుంది.

మూడోది అంచనాతో పోలిక. కలవడం యాదృచ్ఛికమే అయితే ఎన్ని ఉమ్మడి పత్రాలు వచ్చేవి? అమెరికాతో 400 × 625 ÷ 2,500 = 100. వచ్చినవి 50, అంటే అంచనాలో సగం. సెనెగల్‌తో 400 × 36 ÷ 2,500 = 5.76. వచ్చినవి 12, అంచనాకు రెట్టింపు. ఇప్పుడు సెనెగల్ ముందుంది. కొందరు ఈ అంచనాకు మొత్తం పత్రాల బదులు ఉమ్మడి పత్రాలనే ఆధారంగా తీసుకుంటారు. ఎలా వేశారో చెబితే చాలు.

అవే అంకెలు, మూడు సూచికలు, మూడు తీర్పులు. నచ్చిన జవాబు ఇచ్చే సూచికను ఏరుకోవడం చాలా సులువని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. అందుకే ఏది వాడతారో లెక్క మొదలుకాక ముందే నోటు పుస్తకంలో రాసుకోమంటున్నాను. నా వరకు సాల్టన్‌ను ముందు పెట్టి, అంచనాతో పోలికను దానికి తోడుగా ఇస్తాను. వాటితో పాటు ఇరుపక్షాల చూపు కూడా ఇస్తాను. పై ఉదాహరణలో సెనెగల్‌తో బంధం మనకు 400లో 12, మూడు శాతం. సెనెగల్‌కు అదే బంధం 36లో 12, మూడో వంతు. సూచిక ఒక్కటే అయినా, ఆ బంధం తెగితే ఎవరికి ఎక్కువ నష్టమో ఈ రెండు శాతాలే చెబుతాయి.

ఉమ్మడి పత్రాలు అయిదుకు తక్కువున్న జతలకు ఏ సూచికా వేయకండి. ఒక్క పత్రం అటూ ఇటూ అయితే వరుస తారుమారవుతుంది.

తొమ్మిదో అడుగు: పటం, నాయకత్వం

పటం గీయడానికి లైడెన్ విశ్వవిద్యాలయం వారి వాస్‌వ్యూయర్ ఉచితంగా దొరుకుతుంది. డేటాబేసు ఫైలును నేరుగా ఇస్తే దేశాల వలను గీసి పెడుతుంది. మీరు శుభ్రం చేసిన పట్టికను కాకుండా ముడి ఫైలును ఇస్తే పైన చెప్పిన తప్పులన్నీ రంగురంగులుగా తిరిగి వస్తాయి, అంతే. ఇంకో ప్రమాదం పెద్ద పత్రాలది. 20 దేశాలున్న ఒక్క పత్రం 190 గీతలు గీస్తుంది. అలాంటివి రెండు మూడు చేరితే పటం సాలెగూడై ఏమీ కనిపించదు. పదికి మించి దేశాలున్న పత్రాలను తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి గీసి చూడండి.

పటం చెప్పనిది నాయకత్వం. పేరు ఉండటం వేరు, పని నడిపించడం వేరు. ఉమ్మడి పత్రాల్లో మొదటి రచయిత, సంప్రదింపుల రచయిత ఏ దేశం వారో ఇంకో గడిలో రాసుకోండి. ఆఫ్రికా దేశాల పొలాల్లో ప్రయోగం జరిగి, మొదటి పేరూ చివరి పేరూ వేరే దేశానివైన పత్రాలు ఎన్నో లెక్కించండి. ఇదే నివేదికను ఆ దేశాల వారు చదివితే మొదట వెతికేది ఈ అంకెనే.

ఉల్లేఖనల సంగతి క్లుప్తంగా. అంతర్జాతీయ పత్రాలను ఎక్కువమంది ఉదహరిస్తారన్నది చాలా రంగాల్లో కనిపించేదే. రచయితలు ఎక్కువైతే తమ పత్రాన్ని తాము ఉదహరించుకునేవారూ ఎక్కువే, జన్యుక్రమ పత్రాలు ఎలాగూ అందరూ ఉదహరిస్తారు. సహకారం వల్లనే ఉల్లేఖనలు పెరిగాయని రాయాలంటే స్వీయ ఉల్లేఖనలు తీసేసి, అదే ఏడాది, అదే ఉపరంగం పత్రాలతో పోల్చి చూడాలి. అంత ఓపిక లేకపోతే ఆ విషయం ఎత్తకండి.

సహరచన చూడనివి

పక్కన పెట్టిన లోపం దగ్గరికి వద్దాం. వేరుశనగలో దేశాల మధ్య కదిలే ముఖ్యమైన వస్తువు పత్రం కాదు, విత్తనం. పటాన్‌చెరులోని జన్యు నిధిలో వేరుశనగ నమూనాలు 15,000కు పైగా ఉన్నాయి. అడిగిన దేశానికి అవి వెళతాయి. వెళ్లిన నమూనా మీద అక్కడివారు ఒంటరిగా పత్రం రాస్తే మన లెక్కలో సహకారం సున్నా.

అందుకే చివర మూడో పట్టిక ఒకటి చేర్చమంటాను. ఒక్కో వరుసకు ఒక్కో రకం: ఎక్కడ పుట్టింది, తల్లిదండ్రులు ఎక్కడివి, ఏ దేశాల్లో ఏ పేరుతో విడుదలైంది. సమాచారం రకాల విడుదల ప్రకటనల్లో, వంశావళి వివరాల్లో దొరుకుతుంది. చేత్తో ఎక్కించుకోవాల్సిందే, వీటికి ఓపెన్‌అలెక్స్ లాంటిది లేదు. 20 రకాలతో మొదలుపెట్టండి. మొదటి వరుసకు జేఎల్ 24 బాగుంటుంది. తైవాన్ నుంచి వచ్చిన గింజల్లోంచి మహారాష్ట్రలోని జల్‌గావ్‌లో ఏరి తీసిన రకం అది. మన దేశంలో విడుదలయ్యాక సముద్రం దాటి మలావీలో కకోమా, జాంబియాలో లుఎనా అనే పేర్లు తెచ్చుకుంది. ఆ వరుసలో నాలుగు దేశాలు వస్తాయి. ఆ నాలుగు దేశాల జతలనూ రెండో పట్టిక నుంచి తేలిన సహరచన జతల పక్కన పెట్టి, విత్తనం దాటిన దారిలో పత్రం దాటని చోట్లకు ఎర్ర రంగు వేయండి.